జాక్సన్ నగరపు మూడవ ఛానెలు: శ్రోతల హక్కును గూర్చి ఒక స్మారకోపన్యాసము



ఎవరి పేర ఈ ఉపన్యాసము ఏటేటా జరుగుచున్నదో ఆ గురువర్యులు తమ జీవితమున అధికభాగమును రేడియో వార్తలు వ్రాయుటలోను, ఆ విద్యను మా వంటివారికి నేర్పుటలోను గడపిరి. మేము వ్రాసి తెచ్చిన వార్తలను చేతికి తీసికొని, అందలి దోషములను దిద్దుటకు ముందు, అందు లేనిదేమని వారు అడిగెడివారు. ఏ పేటవారి మాట వినరాలేదు, ఏ వృత్తివారి కష్టము ప్రస్తావనకు రాలేదు అని ఒక్కొక్కటిగా ప్రశ్నించెడివారు. చెప్పినదానికి బాధ్యత వహించుట సులభమనియు, చెప్పక విడిచినదానికి సమాధానము చెప్పుకొనుటయే ప్రసారకర్తకు నిజమైన పరీక్ష యనియు వారి నిశ్చితాభిప్రాయము. ఆ అభిప్రాయమునకు చరిత్రలో నేను చూచిన సాక్ష్యములన్నింటను బలవత్తరమైనది అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిసిసిపీ రాష్ట్రమున లభించుచున్నది. అచ్చటి స్థానిక రేడియో, టెలివిజన్ కేంద్రములు ఏయే మాటలను వినిపించినవి, ఏయే మాటలను మూసిపెట్టినవి, ఆ మూసివేతకు ఎట్టి శిక్ష పొందినవి అను విషయమును నేడు వారి స్మృతికి నివాళిగా మీ ముందుంచెదను.

మిసిసిపీ నది తన పేరిచ్చిన ఆ రాష్ట్రము ప్రత్తి పంటకును, ఆ పంటకై తరతరములు బానిసత్వమున మ్రగ్గిన నల్లజాతివారి శ్రమకును ప్రసిద్ధము. దాని రాజధాని జాక్సన్. 1929 డిసెంబరులో ఆ నగరమున డబ్ల్యు.జె.డి.ఎక్స్. అను రేడియో కేంద్రము ఆరంభమయ్యెను. దానిని స్థాపించినది లామార్ లైఫ్ అను జీవితబీమా సంస్థ. సుప్రసిద్ధ కథారచయిత్రి యుడోరా వెల్టీ తండ్రి ఆ సంస్థలో ఉన్నతాధికారి. రేడియో కేంద్ర స్థాపనకు పూనుకొన్నవారిలో ఆయన ముఖ్యుడు. తండ్రి 1931లో గతించిన పిమ్మట వెల్టీ ఆ కేంద్రముననే కొంతకాలము ఉద్యోగము చేసెను. ఈ చిన్న సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన. ఏలయనగా, ఆ సంస్థకును ఆ రచయిత్రికిని మూడు దశాబ్దముల తరువాత ఒకే సంఘటన ఎదురైనపుడు, ఇరువురు ప్రవర్తించిన తీరులు మిక్కిలి భిన్నములు.

నల్లజాతివారి గొంతు ఆ ప్రాంతపు రేడియోలో బొత్తిగా వినబడలేదని చెప్పినచో అది సత్యము కాదు. నదికి ఆవలి యొడ్డున, ఆర్కన్సా రాష్ట్రపు హెలెనా పట్టణమున, 1941లో కె.ఎఫ్.ఎఫ్.ఎ. కేంద్రము ఒక పిండి వ్యాపారి ఖర్చుపై మధ్యాహ్నవేళ బ్లూస్ గానమును ప్రసారము చేయనారంభించెను. డెల్టా పొలములలో పనిచేయు కూలీలు భోజనవిరామమున దానిని వినెడివారు. 1947లో క్లార్క్స్‌డేల్ పట్టణపు డబ్ల్యు.ఆర్.ఓ.ఎక్స్. కేంద్రమున ఎర్లీ రైట్ అను నతడు మిసిసిపీ రాష్ట్రమున తొలి నల్లజాతి వ్యాఖ్యాతగా నియుక్తుడై, అర్ధశతాబ్ది కాలము భక్తిగీతములను, బ్లూస్ పాటలను, ఊరి కబుర్లను వినిపించెను. ఉత్తరమున మెంఫిస్ నగరమునుండి డబ్ల్యు.డి.ఐ.ఎ. కేంద్రము 1949 నాటికి తన కార్యక్రమములన్నింటిని నల్లజాతి శ్రోతల నిమిత్తమే రూపొందించుచుండెను. మిసిసిపీ బిడ్డడైన బి.బి. కింగ్ లోకమునకు పరిచితుడైనది ఆ కేంద్రము ద్వారముననే. పాటకు అడ్డు లేదు. పిండియు సబ్బును అమ్ముకొనుటకు పాట అక్కరకు వచ్చును. ఆ పాడువాడు ఓటు వేయవలెనన్న కోరికను పలుకబోయినప్పుడే ద్వారములు మూతబడెడివి. సంగీతమునకు చెవియొగ్గి మాటకు చెవి మూసికొను ఈ సమాజమున టెలివిజన్ ప్రవేశించెను.

1953వ సంవత్సరాంతమున లామార్ లైఫ్ సంస్థ మూడవ ఛానెలుపై డబ్ల్యు.ఎల్.బి.టి. అను టెలివిజన్ కేంద్రమును తెరచెను. అమెరికాలోని పద్ధతి యేమనగా, దేశవ్యాప్తములైన జాలసంస్థలు న్యూయార్కు వంటి నగరములలో కార్యక్రమములను తయారుచేయును. ఆయా ఊళ్ల కేంద్రములు వానిని గ్రహించి, తమ వార్తలను చేర్చి, ఇంటింటికి అందించును. కాబట్టి స్థానిక కేంద్రాధికారి ద్వారపాలకుని వంటివాడు. అతడు తలుపు తీసినగాని దేశమున జరుగునది ఊరివారికి కానరాదు. ఈ కేంద్రమునకు అధికారి ఫ్రెడ్ బియర్డ్. అతడు సిటిజన్స్ కౌన్సిల్ అను సంస్థలో సభ్యుడు. పాఠశాలలలో తెల్లవారి బిడ్డలు, నల్లవారి బిడ్డలు కలసి చదువుకొనరాదని పట్టుబట్టి పోరాడిన సంస్థ యది. ఆ సంస్థ కార్యక్రమము ఈ కేంద్రమునుండి క్రమముగా ప్రసారమగుచుండెను. కేంద్రపు ప్రసారములు చేరు ప్రాంతమున జనాభాలో నూటికి ఇంచుమించు 45 మంది నల్లజాతివారే యనునది ఇచ్చట మరువరాని సంగతి.

1955లో ఎన్.బి.సి. జాలసంస్థ ఒక కార్యక్రమమున తర్‌గుడ్ మార్షల్‌తో సంభాషణను ప్రసారము చేసెను. పాఠశాలలలో జాతివిభజన చెల్లదని ముందటి యేడు సుప్రీంకోర్టుచే తీర్పు చెప్పించిన న్యాయవాది ఆయన. ఆయన ముఖము కానవచ్చిన క్షణమున జాక్సన్ నగరపు తెరలపై చిత్రము మాయమై, తంతిలో లోపము సంభవించినది, క్షమింపుడు అను భావము గల పలక ప్రత్యక్షమయ్యెను. తంతి చక్కగనే యుండెను. లోపము కల్పించినది తానేయని బియర్డ్ సిటిజన్స్ కౌన్సిల్ సభలో సగర్వముగా చెప్పుకొనెను. ఈ సంఘటనను తలచినపుడెల్ల నన్ను బాధించునది ఆ కపటముకంటెను దాని నిశ్శబ్దత. అబద్ధమాడినవానిని ఎదిరింపవచ్చును, ఏమి దాచబడినదో యెరుగని ప్రేక్షకుడు దేనిని ఎదిరింపగలడు? తెరపై పలక తొలగినంతనే వేరొక కార్యక్రమము వచ్చును, సాయంకాలము గడచిపోవును, ఎన్నో ఇండ్లలో ఒక మనుష్యుని వాదము ఎన్నడును లేనట్లే యగును.

అప్పటికి అమెరికా ప్రసారచట్టమున ఒక ధర్మనియమము లేకపోలేదు. ప్రసారములకు లైసెన్సులనిచ్చు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1949లో ఒక సూత్రము నేర్పరచెను: వివాదాస్పద విషయములను చర్చించుట కేంద్రముల విధి, చర్చించునపుడు భిన్నపక్షములకు అవకాశమిచ్చుటయు విధియే. కాగితముపై ఇది ఉత్తమమైన నియమము. 1957లో జాతివిభజనను సమర్థించు కార్యక్రమమును మూడవ ఛానెలు ప్రసారము చేసి, ప్రతిపక్షమువారికి సమయము నిరాకరించినదని కమిషనుకు ఫిర్యాదు చేరెను. 1962లో జేమ్స్ మెరెడిత్ మిసిసిపీ విశ్వవిద్యాలయమున తొలి నల్లజాతి విద్యార్థిగా చేరబోవగా అల్లరులు చెలరేగి ఇద్దరు మరణించిరి. ఆ దినములలో కేంద్రము చేసిన ప్రసారములపైనను ఫిర్యాదులు వెళ్లెను. ఇన్నింటికిని కమిషన్ విచారించుచు, ఆలోచించుచు కాలము వెళ్లబుచ్చెను.

ఇక మెడ్గర్ ఎవర్స్ సంగతి. మిసిసిపీలో పుట్టి పెరిగి, రెండవ ప్రపంచయుద్ధమున ఐరోపా రణరంగములలో సేవచేసి, 1954 నుండి నల్లజాతి ప్రజల హక్కుల సంస్థయైన ఎన్.ఏ.ఏ.సి.పి.కి ఆ రాష్ట్రమున తొలి క్షేత్రకార్యదర్శియైన మహానుభావుడాయన. 1963 మే నెలలో జాక్సన్ మేయరు అలెన్ థాంప్సన్ టెలివిజనులో ప్రసంగించి, నగరమున రెండు జాతులవారును సామరస్యముతో నున్నారనియు, అశాంతికి కారకులు బయటివారనియు చెప్పెను. సమాధానము చెప్పుకొనుటకు సమయమిమ్మని ఎవర్స్ కోరెను. కమిషనుకు భయపడియో, దీర్ఘకాలముగా కూడబడిన ఫిర్యాదుల బరువుచేతనో, కేంద్రము అంగీకరించెను. మే 20వ తేదీన ఆయన 17 నిమిషములు మాటలాడెను.

ఆ ప్రసంగమును చదివినపుడు నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది, అది స్వయముగా రేడియో టెలివిజన్లను గూర్చిన ప్రసంగమగుట. తాను బయటివాడను కాననియు, ఈ నేలమీద చదివి ఈ దేశపు సైన్యమున పోరాడినవాడననియు మొదట చెప్పుకొని, తరువాత ఆయన ఇట్లు వాదించెను: డెల్టా పొలములలోని కూలి సాయంకాలము ఇంటికి వచ్చి రేడియో పెట్టుకొని, ఆఫ్రికాలో స్వతంత్రములైన దేశముల వార్తలను వినుచున్నాడు, నల్లజాతివారు అచ్చట పరిపాలకులగుట తెలిసికొనుచున్నాడు, మధ్యాహ్నము పోలీసు కుక్క కరచిన దృశ్యమును సాయంకాలపు వార్తలలోనే చూచుచున్నాడు, పిమ్మట తన ఊరివైపు చూచి, తనకు ఓటు లేదనియు, గ్రంథాలయప్రవేశము లేదనియు గుర్తించుచున్నాడు. లోకమునంతను ఇంటిలోనికి తెచ్చు యంత్రమును పెట్టి, ఆ యింటివాడు మాత్రము అజ్ఞానముననే యుండవలెనని కోరుట వ్యర్థమని దాని తాత్పర్యము. మూడవ ఛానెలుపై మూడవ ఛానెలునకే చెప్పిన ఈ పాఠమునకు సాటియైనది ప్రసారచరిత్రలో వేరొకటి నేనెరుగను.

ఆ రాత్రి ఆయన ముఖము మొదటిసారిగా నగరమున ప్రతి యింటివారికిని తెలిసినది. ఇరువదిమూడు దినములు గడచిన పిమ్మట, జూన్ 12 అర్ధరాత్రి దాటినంతనే, తన యింటి ముంగిట కారు దిగుచుండగా ఆయనను వెనుకనుండి కాల్చి చంపిరి. ఆ హత్యావార్త విన్నప్పుడు యుడోరా వెల్టీ, అదే నగరమున తన యింట కూర్చుండి, హంతకుని మనస్సులో ప్రవేశించి, అతని నోటనే చెప్పించినట్లు ఒక కథను వ్రాసెను. అది కొద్దివారములలోనే న్యూయార్కర్ పత్రికలో అచ్చయినది. తన తండ్రి సేవించిన సంస్థ తలుపులు మూసికొని దాచిన ద్వేషమును ఆమె కలము బట్టబయలు చేసెను. స్థానికులు చేయదగిన పని ఏదియో ఆమెయే చేసి చూపెనని నా విశ్వాసము.

ఈ దశలో న్యూయార్కు నుండి ఎవరెట్ పార్కర్ అను మతాచార్యుడు రంగప్రవేశము చేసెను. యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అను క్రైస్తవసంఘమున ప్రసారవ్యవహారముల కార్యాలయమునకు ఆయన అధిపతి. ఆయన ఆవేశపూరితములైన ప్రకటనలు చేయలేదు. 1964 మార్చి ప్రారంభమున, జాక్సన్ నగరమునందలి ఒక గృహమున స్థానిక స్వచ్ఛందసేవకులను రహస్యముగా కూర్చుండబెట్టి, ఒక వారము దినములు కేంద్రపు ప్రసారములను ఉదయమునుండి రాత్రివరకు చూపించి, ప్రతి నిమిషమును వ్రాయించెను. వారి పేర్లు బయటపడినచో ఉద్యోగములే కాదు, ప్రాణములును దక్కని కాలమది. ఆ పట్టికలవలన తేలినదేమి? నగరమున అంతమంది నల్లజాతివారుండగా, స్థానిక కార్యక్రమములలో వారి ఉనికి యించుమించు శూన్యము. ఆదివారపు ప్రార్థనలు తెల్లవారి దేవాలయములనుండి మాత్రమే. నల్లజాతివారి పేర్లకు ముందు మర్యాదావాచకమును సయితము వాడరు. మా గురువర్యులు అడిగెడి ప్రశ్ననే ఆ అజ్ఞాతవ్యక్తులు ఏడు దినములు ఓర్పుతో అడిగిరి: ఇందు లేనిదేమి? చరిత్రకారులు న్యాయమూర్తుల పేర్లను తలచినంతగా ఆ యింట కూర్చున్నవారిని తలచరు. నాకు మాత్రము ఈ కథయందు వారే నాయకులు.

మరునెల కమిషన్ యెదుట అర్జీ దాఖలయ్యెను. అర్జీదారులలో ఆ సంఘమే కాక, క్లార్క్స్‌డేల్‌లో మందుల దుకాణము నడపుచు రాష్ట్ర ఎన్.ఏ.ఏ.సి.పి.కి అధ్యక్షుడైన ఏరన్ హెన్రీయు, జాక్సన్‌లో కిరాణా వ్యాపారియు మతబోధకుడునైన ఆర్.ఎల్.టి. స్మిత్‌యు, టుగలూ గ్రామపు చిన్న క్రైస్తవసమాజమును గలరు. కేంద్రపు లైసెన్సును పునరుద్ధరింపవలదని వారి ప్రార్థన. కమిషన్ చెప్పిన సమాధానము నేడు వినుటకు విడ్డూరముగా తోచును. లైసెన్సును వ్యతిరేకించు అర్హత ఇరువురికే యుండెనట: వ్యాపారనష్టము పొందు పోటీదారునకు, తన సంకేతములకు అంతరాయము కలుగు మరియొక కేంద్రమునకు. చూచువాడు, వినువాడు ఏ నష్టమును పొందనివాడు గనుక వాదమున ప్రవేశింపరాదు. వాని క్షేమమును కమిషనే చూచుకొనును! అర్జీదారుల ఆరోపణలను తేలికగా త్రోసిపుచ్చలేకయు, లైసెన్సును రద్దుచేయు ధైర్యము లేకయు, 1965లో కమిషన్ ఒక సంవత్సరమునకు పునరుద్ధరణ నొసగి సరిపెట్టెను. కమిషన్ అధ్యక్షుడు విలియం హెన్రీయు, కెన్నెత్ కాక్స్ అను సభ్యుడును దీనితో విభేదించిరి.

అర్జీదారులు వాషింగ్టన్ అప్పీలు న్యాయస్థానమును ఆశ్రయించిరి. 1966 మార్చి 25న న్యాయమూర్తి వారెన్ బర్గర్ తీర్పు వెలువడెను. ఆయన సంప్రదాయవాదిగా పేరొందినవాడు; హక్కుల ఉద్యమముతో ఆయనకు ప్రత్యేకానుబంధమేమియు లేదు. అయినను న్యాయము ఆయన కలమునుండి స్పష్టముగా ప్రవహించెను. పత్రికాధిపతి తన కాగితమును, తన యంత్రమును తాను కొనుక్కొనును. ప్రసారకర్త యట్లుగాక, పరిమితమైన ప్రజాసొత్తులో ఒక భాగమును ఉచితముగా, ఇతరులకు ప్రవేశము లేకుండ ననుభవించుచున్నాడు. కావున ఆ సొత్తుతో పాటు ప్రజలపట్ల బాధ్యతలును ఆయనకు సంక్రమించును. ఆ బాధ్యత నెరవేరుచున్నదో లేదో చెప్పదగినవారు వినువారే గనుక, వారి ప్రతినిధులు వాదమున ప్రవేశింపవచ్చును అని ఆ తీర్పు సారాంశము. మన ఊళ్లలో ఊరుమ్మడి చెరువును గుత్తకు తీసికొన్నవాడు చేపలు పట్టుకొనవచ్చును గాని, ఒక పేటవారిని నీళ్లరేవునకు రాకుండ చేయరాదు. చేసినచో గుత్తను ప్రశ్నించుటకు ఆ పేటలోని ప్రతి మనుష్యునకును హక్కు గలదు. న్యాయమూర్తి చెప్పినది ఇదియే.

తీర్పు వచ్చినంత మాత్రమున కార్యము సఫలము కాలేదు. 1967లో జాక్సన్‌లో విచారణ జరిగెను. విచారణాధికారి అర్జీదారులను సహాయకులుగా గాక శత్రువులుగా చూచి, కేంద్రము తన యోగ్యతను నిరూపించుకొనవలసినది పోయి, దాని అయోగ్యతను మీరే నిరూపింపుడని భారమును వారిపై మోపెను. 1968లో కమిషన్ మరల కేంద్రమునకే లైసెన్సు నొసగెను. 1969 జూన్ 20న బర్గర్ తన రెండవ తీర్పున ఆ ధోరణిని తీవ్రముగా గర్హించి, దిద్దుబాటునకు వీలులేనంతగా విచారణ చెడిపోయినదని చెప్పి, లైసెన్సును కొట్టివేసెను. మూడు దినముల పిమ్మట ఆయన అమెరికా ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణస్వీకారము చేసెను. ఒక ప్రజాసమూహము తన ఊరి టెలివిజన్ కేంద్రమును దాని స్వాములనుండి తప్పించుట ఆ దేశచరిత్రలో అంతకుముందు లేదు.

1971లో తెల్లవారును నల్లవారును కలసిన లాభాపేక్షలేని ఒక సంస్థ తాత్కాలికముగా కేంద్రమును నడపుటకు పూనుకొనెను. మరుసటి యేడు విలియం డిల్డే అను నల్లజాతీయుడు దానికి జనరల్ మేనేజరుగా వచ్చెను. దక్షిణరాష్ట్రములలో జాలసంస్థకు చెందిన కేంద్రమునకు ఆ పదవిని పొందిన తొలి నల్లజాతీయుడాయన. తుదకు శాశ్వత లైసెన్సు పొందిన సంస్థకు పాలకమండలి అధ్యక్షుడైనవాడు, అంతకు పదునారేండ్ల ముందు అర్జీపై సంతకము చేసిన ఆ మందుల దుకాణపు ఏరన్ హెన్రీయే. కేంద్రపు వార్తావిభాగము మారెను. రాష్ట్రరాజకీయాధికారమును నిర్భయముగా పరిశీలించిన ఒక కార్యక్రమమునకు 1976కు గాను పీబడీ పురస్కారము లభించెను.

మార్పు ఒక కేంద్రమునకే పరిమితమనియు, రాష్ట్రమంతటికి వెంటనే వ్యాపింపలేదనియు చూపు సంగతి యొకటి కలదు. 1970లో ప్రభుత్వపు విద్యాటెలివిజన్ అచ్చట మొదలయ్యెను. చిన్నపిల్లలకు అక్షరములు నేర్పు ‘సెసమి స్ట్రీట్’ కార్యక్రమమున అన్ని జాతుల పిల్లలు కలసి ఆడుకొందురన్న కారణమున రాష్ట్ర సమితి దానిని నిషేధించెను. సంగతి పత్రికల కెక్కి లోకము నవ్వగా, ఇరువదిరెండు దినములలో నిషేధము తొలగెను. మూడవ ఛానెలు విషయమున ఏండ్లు పట్టినది ఇచ్చట వారములలో తీరుట, వినువారు అప్పటికే మేల్కొని యుండుటచేతనే యని నేననుకొందును.

ఈ కథకు మనకు గల సంబంధమును ఒక్కమాటలో సూచింతును. 1995 ఫిబ్రవరి 9న మన సుప్రీంకోర్టు క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ వ్యాజ్యమున, వాయుతరంగములు ప్రజల ఆస్తియని తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డిగారు ఒకరు, ఈ విషయమున ప్రత్యేకముగా తీర్పు వ్రాసి, ఆ సొత్తు ప్రభుత్వమునకుగాని ధనికులకుగాని గుత్తసొమ్ము కారాదని వాదించినవారు వారు. ఆ మాట ఆచరణకు వచ్చుటకు పదమూడేండ్లు పట్టెను. 2008లో జహీరాబాదు సమీపమున మాచునూరు గ్రామమున సంఘం రేడియో ఆరంభమయ్యెను. దళిత మహిళలే దానిని నడపుచున్నారు. వారు చిరుధాన్యములను గూర్చి, విత్తనములను గూర్చి, తమ పాటలను గూర్చి తమ యాసలోనే మాటలాడుదురు. జాక్సన్ నగరపు సమస్య ఇంకొకరి కేంద్రమున తమకు చోటు సంపాదించుట. మాచునూరువారి సాధన తమకే ఒక కేంద్రమును సంపాదించుకొనుట. రెండింటికిని మూలము తరంగములు ఎవరివన్న ప్రశ్నయే.

నేటి స్థితిని దాచక చెప్పవలసియున్నది. భిన్నపక్షములకు అవకాశమివ్వవలెనన్న సూత్రమును కమిషన్ 1987లో తానే విడిచిపెట్టెను. నాడు లైసెన్సు మూడేండ్లకొకసారి పరీక్షకు వచ్చెడిది. 1996 చట్టము పిమ్మట ఎనిమిదేండ్లకొకసారి వచ్చుచున్నది. మూడవ ఛానెలు నేడు అట్లాంటా నగరమున ప్రధానకార్యాలయము గల ఒక పెద్ద ప్రసారసంస్థ చేతిలోనున్నది. అట్టి సంస్థలు అనేక నగరముల కేంద్రములను ఒక్కచోటనుండి నడపుచున్నవి. జాక్సన్‌లోని శ్రోత తన ఊరివారైన స్వాములతో తగవులాడిన కాలము పోయినది. ఇప్పుడతడు వందల మైళ్ల దూరముననున్న కార్యాలయమునకు ఉత్తరము వ్రాయవలెను. దూరము పెరిగినకొలది నిర్లక్ష్యము తేలికయగునని నా భయము. ఈ భయమును మా గురువర్యులు బ్రతికియున్నచో నాతో పంచుకొని యుందురనుటలో సందేహము లేదు. 1954 మొదలు 1971 వరకు ఆ కేంద్రమువారు తీసిన వార్తాచిత్రములు మిసిసిపీ రాష్ట్ర పురాలేఖాగారమున భద్రముగానున్నవి. పరిశోధకులు వానిని చూచి, ఏది తీసిరి, ఏది తీయలేదు అని నేటికిని లెక్క వేయుచున్నారు. లైసెన్సు గడువు తీరినపుడు అర్జీ వేయుటకు ఆ ఊరి సామాన్యునకు 1966లో లభించిన అర్హత చెక్కుచెదరలేదు. తదుపరి గడువు వచ్చునాటికి, ఏడు దినములు తెరముందు కూర్చుండి వ్రాయు ఓర్పు గలవారు ఆ నగరమున మరల సమకూడవలసియున్నది.